డెప్త్ ఆఫ్ ఫీల్డ్, డెప్త్ ఆఫ్ ఫోకస్: లెన్స్‌కు ముందు ఒక లెక్క, వెనుక ఒక లెక్క

ఛాయాప్రియ

ఫోటోగ్రఫీ పాఠాలు చదువుతున్నప్పుడు ఈ రెండు మాటలనూ కొందరు ఒకే అర్థంలో వాడటం, మరికొందరు రెండూ పూర్తిగా వేరని గట్టిగా చెప్పి ఆ వేరేమిటో వివరించకుండానే ముందుకు వెళ్లిపోవడం గమనించాను. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటే దృశ్యంలో ఎంత మేర స్పష్టంగా కనిపిస్తుందో అదేనని, డెప్త్ ఆఫ్ ఫోకస్ కెమెరా లోపల సెన్సర్ దగ్గరి సంగతి అని మాత్రం అర్థమైంది. అయితే అపర్చర్ (లెన్స్ లోపల కాంతి వచ్చే రంధ్రం) మూస్తే రెండూ పెరుగుతాయంటున్నారు. అలా రెండూ కలిసే పెరిగి కలిసే తగ్గేటట్లయితే వాటిని విడిగా లెక్కించవలసిన అవసరం ఏమిటి? ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/2 దగ్గర పెట్టి, రెండు మీటర్ల దూరంలో నిలబడిన మనిషిని తీస్తే ఈ రెండూ అంకెల్లో ఎంతెంత వస్తాయో ఎవరైనా చెప్పగలరా?

కటకశాస్త్రి

ఛాయాప్రియ గారూ, మీరు అడిగిన ఉదాహరణతోనే మొదలుపెడదాం, ఎందుకంటే తేడా ఎంత పెద్దదో అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

ఫోకస్ సరిగ్గా కుదిరిన బిందువు సెన్సర్‌పై బిందువుగానే పడుతుంది, కుదరనిది చిన్న వలయంగా పరచుకుంటుంది. ఆ వలయం ఒక పరిమితి దాటనంత వరకు మన కన్ను దాన్ని బిందువుగానే స్వీకరిస్తుంది. సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్ (మసక వలయం) అని పిలిచే ఆ పరిమితిని ఫుల్‌ఫ్రేమ్‌కు 0.03 మి.మీ. అని తీసుకోవడం ఆనవాయితీ. ఈ పరిమితికి లోబడి వస్తువు ఎంత ముందుకు, ఎంత వెనక్కు జరగవచ్చో చెప్పేది డెప్త్ ఆఫ్ ఫీల్డ్. వస్తువు కదలకుండా సెన్సర్ ఎంత ముందుకు, ఎంత వెనక్కు జరగవచ్చో చెప్పేది డెప్త్ ఆఫ్ ఫోకస్.

మీ ఉదాహరణలో స్పష్టత సుమారు 1.91 మీటర్ల దగ్గర మొదలై 2.10 మీటర్ల దగ్గర ముగుస్తుంది, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ దాదాపు 187 మి.మీ. డెప్త్ ఆఫ్ ఫోకస్‌కు సూత్రం ఇంకా సులువు: ఎఫ్ నంబరును (ఫోకల్ లెంగ్త్‌ను అపర్చర్ వ్యాసంతో భాగిస్తే వచ్చేది, అపర్చర్ మూసేకొద్దీ పెరిగేది) మసక వలయం వ్యాసంతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, ఒకటికి మాగ్నిఫికేషన్ (ప్రతిబింబం పరిమాణం వస్తువు పరిమాణానికి ఎన్ని రెట్లో ఆ అంకె) కలపగా వచ్చిన దానితో మళ్లీ గుణించాలి. ఇక్కడ మాగ్నిఫికేషన్ 0.0256 కాబట్టి ఫలితం 0.123 మి.మీ. ఒకే ఫోటోలో ఒక వైపు జానెడు వెసులుబాటు ఉంటే, రెండో వైపు ఉన్నది ఒక కాగితం మందమంత.

ఇప్పుడు ఆ 0.123ను మాగ్నిఫికేషన్ వర్గంతో భాగించి చూడండి, మళ్లీ 187 వస్తుంది. ఇది కాకతాళీయం కాదు. వస్తువు లెన్స్ వైపు కొద్దిగా జరిగితే ప్రతిబింబం మాగ్నిఫికేషన్ వర్గం మేరకు జరుగుతుంది కనుక, సెన్సర్ దగ్గర ఉన్న వెసులుబాటే లెన్స్ గుండా దృశ్యంలోకి వెళ్లేసరికి అన్ని రెట్లు సాగి డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌గా కనిపిస్తుంది. మూలం ఒకటే, కొలిచే చోటే వేరు.

మరి విడిగా ఎందుకు లెక్కించాలంటే, ఆ మాగ్నిఫికేషన్ మారినప్పుడు రెండూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. వస్తువుకు దగ్గరగా వెళ్లేకొద్దీ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ వేగంగా కుంచించుకుపోతుంది. డెప్త్ ఆఫ్ ఫోకస్ మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది, ఎందుకంటే దగ్గరి వస్తువు కోసం లెన్స్ సెన్సర్ నుంచి దూరంగా జరుగుతుంది, అక్కడి నుంచి వచ్చే కాంతి శంకువు సన్నబడుతుంది. కలిసి పెరుగుతాయన్న మాట అపర్చర్ విషయంలో మాత్రమే నిజం.

నిలువుచట్రం

వివరణ బాగుంది, కానీ ఒక అభ్యంతరం. ఫోటో తీసేవాడి చేతిలో ఉన్నవి అపర్చర్, దూరం, ఫోకల్ లెంగ్త్ మాత్రమే. సెన్సర్‌ను ముందుకూ వెనక్కూ జరిపే అవకాశం అతనికి లేదు. డెప్త్ ఆఫ్ ఫోకస్ కెమెరా తయారుచేసేవాళ్ల తలనొప్పి, దాన్ని వాళ్లకే వదిలేసి మనం డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌ను సరిగ్గా నేర్చుకుంటే చాలదా?

పాతరీలు

నిలువుచట్రం గారూ, మీరన్నది నేటి మిర్రర్‌లెస్ కెమెరాకు, దాని సొంత లెన్స్‌కు పరిమితమై ఆలోచిస్తే చాలావరకు ఒప్పుకోదగిన మాటే. సెన్సర్ గట్టి పలక, దాని మీది నుంచే ఆటోఫోకస్ జరుగుతుంది, కాబట్టి లోపాలు తమంతట తామే సర్దుకుంటాయి. ఫిల్మ్‌తో పని చేసేవారికి అలా కాదు. ఫిల్మ్ పలక కాదు, వంగే పట్టీ. వెనుక నుంచి నొక్కే ప్రెషర్ ప్లేట్‌కూ పట్టాలకూ మధ్య సందును, ఫిల్మ్ ఇరుక్కుపోకుండా కదలడం కోసం, ఫిల్మ్ మందం కంటే కొంచెం ఎక్కువగానే ఉంచుతారు. ఆ సందులో ఫిల్మ్ మధ్యభాగం కొద్దిగా ఉబ్బుతుంది. ఎఫ్/8 దగ్గర మొత్తం వెసులుబాటు 0.48 మి.మీ. కాబట్టి ఆ ఉబ్బు ఎవరికీ కనిపించదు, అదే ఎఫ్/1.4 దగ్గర వెసులుబాటు 0.084 మి.మీ. మాత్రమే, అంటే అటు 0.042, ఇటు 0.042. ఈ ఇబ్బందిని తీర్చడానికే 1990లో వచ్చిన కాంటాక్స్ ఆర్‌టీఎస్ 3 కెమెరాలో, షట్టర్ పడే క్షణంలో ఫిల్మ్‌ను వెనుక పలకకు గాలి పీల్చి అతికించే ఏర్పాటు చేశారు. వెలుతురు తక్కువైనచోట పెద్ద అపర్చర్‌తో తీసే వారికి తప్ప మిగతావారికి అది అక్కరలేని హంగుగానే తోచింది, అందులోనూ వాళ్ల తప్పేమీ లేదు.

పెద్ద షీట్ ఫిల్మ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 4×5 అంగుళాల హోల్డర్‌లో ఫిల్మ్ కూర్చునే లోతు సుమారు 5 మి.మీ., అందులో అటూ ఇటూ 0.18 మి.మీ. తేడాను ప్రమాణమే అనుమతిస్తుంది. చిన్న కెమెరాలో ఇంత తేడా ఉంటే పెద్ద అపర్చర్ దగ్గర ఫోటో చెడినట్టే. పెద్ద ఫార్మాట్‌లో మసక వలయాన్ని 0.1 మి.మీ.గా తీసుకుంటారు, పైగా ఎఫ్/22 దగ్గర తీస్తారు. అప్పుడు వెసులుబాటు ప్రతి వైపూ 2.2 మి.మీ. ఉంటుంది. అంత పెద్ద కెమెరాను చెక్కతోనూ తోలు మడతలతోనూ తయారుచేసి వందేళ్లకు పైగా నడపగలిగారంటే అది డెప్త్ ఆఫ్ ఫోకస్ పెట్టిన భిక్షే.

ఛాయాప్రియ

అపర్చర్ ఒక్కటే రెంటినీ ఒకే వైపు నడిపిస్తుందన్నది స్పష్టమైంది. ఇంకొక సందేహం. స్పష్టత ఫోకస్ బిందువుకు ముందు మూడో వంతు, వెనుక రెండు వంతులు ఉంటుందని అంటారు కదా, సెన్సర్ దగ్గరి వెసులుబాటు కూడా అలాగే చీలుతుందా?

కటకశాస్త్రి

చీలదు. సెన్సర్ వైపు వెసులుబాటు ముందూ వెనుకా సమానంగానే ఉంటుంది, ఎందుకంటే కాంతి శంకువు బిందువుకు అటూ ఇటూ ఒకే కోణంలో విచ్చుకుంటుంది. దృశ్యం వైపు మాత్రమే ఆ సమానత్వం చెడుతుంది, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ ప్రతిబింబం చాలా తక్కువగా జరుగుతుంది. సెన్సర్ దగ్గర సమానమైన రెండు ముక్కలు దృశ్యంలో అసమానమైన ముక్కలవుతాయి.

మూడో వంతు నియమం గురించి చెప్పాలంటే, అది సరిగ్గా ఒకే ఒక్క దూరంలో నిజమవుతుంది: హైపర్‌ఫోకల్ దూరంలో (అనంతం దాకా స్పష్టంగా రావాలంటే ఫోకస్ చేయగల అతి దగ్గరి దూరం అది) మూడో వంతు దగ్గర ఫోకస్ చేసినప్పుడు. మీ 50 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/2 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం సుమారు 41.7 మీటర్లు, కాబట్టి దాదాపు 14 మీటర్ల దగ్గర ఆ నియమం పనిచేస్తుంది. రెండు మీటర్ల దగ్గర ముందు 89 మి.మీ., వెనుక 98 మి.మీ. వస్తాయి, దాదాపు సగం సగమే. హైపర్‌ఫోకల్ దగ్గరే ఫోకస్ చేస్తే వెనుక భాగం అనంతం. ఇంత అస్థిరమైన దాన్ని నియమమని నేర్పడం మానేస్తే మంచిదని నా అభిప్రాయం.

వ్యూ కెమెరా (ముందు, వెనుక భాగాలు పట్టా మీద విడివిడిగా జరిగే పెద్ద కెమెరా) వాడేవారు ఈ గందరగోళాన్ని ఏనాడో దాటేశారు. వాళ్లు దృశ్యంలో దూరాలు కొలవరు. స్పష్టంగా రావలసిన అతి దగ్గరి వస్తువుపై ఫోకస్ చేసి పట్టా మీద గుర్తు పెడతారు, అతి దూరపు వస్తువుపై ఫోకస్ చేసి మరో గుర్తు పెడతారు, కెమెరా వెనుక భాగాన్ని సరిగ్గా ఆ రెంటి నడుమ నిలుపుతారు. గుర్తుల మధ్య దూరాన్ని మసక వలయానికి రెట్టింపుతో భాగిస్తే కావలసిన ఎఫ్ నంబరు వచ్చేస్తుంది. గుర్తుల మధ్య 5 మి.మీ. ఉంటే, 0.1 మి.మీ. వలయానికి 25 వస్తుంది, కాబట్టి ఎఫ్/22 కాస్త చాలదు, ఎఫ్/32 దాకా మూయాలి. దృశ్యంలోని లోతు మొత్తాన్ని సెన్సర్ వైపు నుంచే తేల్చుకునే పద్ధతి ఇది. నిలువుచట్రం గారు అడిగిన ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబే.

వెండితెర సహాయకుడు

సినిమా కెమెరాల పనిలో ఉన్నవాళ్లు డెప్త్ ఆఫ్ ఫోకస్ అన్న మాటను ప్రతిరోజూ వాడకపోవచ్చు, కానీ వాళ్లు చేసే పరీక్షల్లో సగం దాని కోసమే. లెన్స్ మౌంట్ నుంచి సెన్సర్ వరకు ఉండే ఫ్లాంజ్ దూరం సినిమా కెమెరాల పీఎల్ మౌంట్‌లో 52 మి.మీ. ఉండాలి, అందులో మిల్లీమీటరులో వందో వంతు తేడాలను కూడా షిమ్‌లనే పలచని రేకులు పెట్టి సరిచేస్తారు. ఫోకస్ పుల్లర్ (షాట్ నడుస్తుండగా ఫోకస్ తిప్పే సహాయకుడు) లెన్స్ మీది దూరపు అంకెలను నమ్మి పనిచేస్తాడు కాబట్టి ఇంత పట్టింపు తప్పదు.

స్టిల్ కెమెరా వాడేవారికి ఇది అడాప్టర్ల రూపంలో ఎదురవుతుంది. కెనాన్ ఇఎఫ్ ఫ్లాంజ్ దూరం 44 మి.మీ., సోనీ ఇ మౌంట్‌ది 18 మి.మీ., కాబట్టి మధ్య అడాప్టర్ 26 మి.మీ. మందం ఉండాలి. అది 0.05 మి.మీ. ఎక్కువ మందంగా తయారైందనుకోండి. అనంతం దగ్గరికి తిప్పిన 100 మి.మీ. లెన్స్ నిజానికి 200 మీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది. అదే అడాప్టర్‌లో 24 మి.మీ. లెన్స్ పెడితే అది 11.5 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వైడ్ లెన్స్ వాడేవారు అడాప్టర్‌ను ఎక్కువగా తిట్టుకోవడానికి కారణం ఇదే.

నిలువుచట్రం

అంటే వైడ్ లెన్స్‌కు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఎక్కువ, డెప్త్ ఆఫ్ ఫోకస్ తక్కువ అని అర్థమా? మొదట ఇచ్చిన సూత్రంలో ఫోకల్ లెంగ్త్ అసలు లేనే లేదు కదా. ఈ రెండు మాటలూ పొసగడం లేదు.

కటకశాస్త్రి

పొసగుతాయి, మీ ప్రశ్న సరైన చోటే తగిలింది. దూరపు వస్తువులకు డెప్త్ ఆఫ్ ఫోకస్ ఫోకల్ లెంగ్త్‌పై ఆధారపడదు. 24 అయినా 100 అయినా ఎఫ్/2.8 దగ్గర అది 0.168 మి.మీ. మాత్రమే. అడాప్టర్ తప్పు వల్ల సెన్సర్‌పై పడే మసక వలయం కూడా రెంటికీ ఒకటే: 0.05ను 2.8తో భాగిస్తే 0.018 మి.మీ. అది 0.03 లోపే ఉంది కాబట్టి ఎఫ్/2.8 దగ్గర దూరపు కొండలు రెండు లెన్స్‌లతోనూ స్పష్టంగానే వస్తాయి. ఎఫ్/1.4 లెన్స్‌లైతే వలయం 0.036 అవుతుంది, రెంటిలోనూ కొండలు మసకబారుతాయి.

దీన్ని దృశ్యం వైపు నుంచి కూడా సరిచూడవచ్చు. 24 మి.మీ. లెన్స్ హైపర్‌ఫోకల్ దూరం ఎఫ్/2.8 దగ్గర 6.9 మీటర్లు, ఎఫ్/1.4 దగ్గర 13.7 మీటర్లు. 11.5 మీటర్ల దగ్గర ఆగిన ఫోకస్ మొదటి దానికి అవతల ఉంది కనుక అనంతం స్పష్టం. రెండో దానికి ఇవతల ఉంది కనుక అస్పష్టం. 100 మి.మీ. లెన్స్‌కు ఆ అంకెలు 119 మీటర్లు, 238 మీటర్లు, మధ్యలో 200. తీర్పు అదే. వెండితెర సహాయకుడు గారు చూపినది స్కేలు అంకెలు ఎంత తప్పుతాయన్న లెక్క, అందులో వైడ్ లెన్స్ నష్టపోతుంది. ఫోటో ఎంత మసకబారుతుందన్న లెక్కలో రెండూ సమానమే. దూరాన్ని బట్టి ఫోకస్ తిప్పే పనిలో మొదటిది ముఖ్యం, తెరపై చూసి ఫోకస్ చేసేవారికి అది దాదాపు అక్కరలేదు.

వెండితెర సహాయకుడు

ఆ చివరి వాక్యానికి ఒక మినహాయింపు చేర్చాలి. జూమ్ చేసినా ఫోకస్ నిలిచే లెన్స్‌లలో, టెలి కొసన కంటితో చూసి ఎంత కచ్చితంగా ఫోకస్ చేసినా, ఫ్లాంజ్ దూరం తప్పి ఉంటే వైడ్ కొసకు రాగానే బొమ్మ మసకబారుతుంది. అందుకే ప్రసార కెమెరాలవాళ్లు అపర్చర్ పూర్తిగా తెరిచి, టెలి కొసన ముందు రింగుతోనూ వైడ్ కొసన బ్యాక్ ఫోకస్ రింగుతోనూ (సెన్సర్ వైపు ఫోకస్‌ను సర్దేది) మార్చి మార్చి సరిచేస్తారు.

సూక్ష్మచూపు

మాక్రో వైపు నుంచి నాలుగు మాటలు. కటకశాస్త్రి గారు చెప్పిన వర్గం సంబంధాన్ని ముందుకు తీసుకెళ్తే, మాగ్నిఫికేషన్ ఒకటి అయినచోట రెండు డెప్త్‌లూ సమానం కావాలి, అవుతాయి కూడా. లెన్స్ మీది ఎఫ్/8 దగ్గర, 0.03 వలయంతో, ఒకటికి ఒకటి మాగ్నిఫికేషన్‌లో రెండూ సుమారు 0.96 మి.మీ. చీమను తీస్తున్నప్పుడు చీమ ఒక మిల్లీమీటరు కదిలినా, సెన్సర్ ఒక మిల్లీమీటరు కదిలినా నష్టం ఒకటే.

ఆ గీత దాటితే పాత్రలు తారుమారవుతాయి. ఐదు రెట్ల మాగ్నిఫికేషన్‌లో ఎఫ్/4 దగ్గర వస్తువు వైపు వెసులుబాటు 0.058 మి.మీ.కు పడిపోతుంది, సెన్సర్ వైపు 1.44 మి.మీ.కు పెరుగుతుంది. ముందు నుంచి చూసినా వెనుక నుంచి చూసినా అపర్చర్ ఒకే పరిమాణంలో కనిపించే లెన్స్‌కు వర్తించే లెక్క ఇది, అయినా ధోరణి అన్నిటికీ ఒకటే. ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా మార్చి తీసిన ఫోటోలను ఒకటిగా కలపడం) చేసేవారు సన్నని మరతో కెమెరాను మైక్రాన్ల చొప్పున జరపడం వస్తువు వైపున్న ఆ పలచని పొర కోసమే. సెన్సర్ ఒక వెంట్రుక మందం అటూ ఇటూ ఉన్నా వారికి దిగులు లేదు.

మైక్రోస్కోప్‌కు కెమెరా బిగించేవారు మాత్రం ఇక్కడ జాగ్రత్తపడాలి. కంటితో చూసే ఫోకస్, కెమెరాలో పడే ఫోకస్ ఒకేచోట కుదరాలంటే కెమెరా ఎత్తును తక్కువ శక్తి గల ఆబ్జెక్టివ్‌తోనే (వస్తువు వైపు ఉండే కటకం) సర్దాలి. ఎక్కువ శక్తి గల దానితో సర్దితే ప్రతిబింబం వైపు వెసులుబాటు చాలా విశాలంగా ఉండటంతో ఎక్కడ పెట్టినా సరిపోయినట్టే కనిపిస్తుంది, ఆ తర్వాత తక్కువ శక్తికి మారగానే తప్పు బయటపడుతుంది. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

పిక్సెల్ లెక్క

అందరూ 0.03ను శాసనంలా వాడుతున్నారు కాబట్టి దాని గురించి చెప్పక తప్పదు. ఫుల్‌ఫ్రేమ్ బొమ్మను 8×10 అంగుళాల ప్రింటుగా పెంచి పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే ఆ వలయం కాగితంపై పావు మిల్లీమీటరు అవుతుంది, కన్ను దాన్ని క్షమిస్తుంది. కానీ 24 మెగాపిక్సెల్ సెన్సర్‌పై 36 మి.మీ. వెడల్పులో 6000 పిక్సెల్‌లు ఉంటాయి, ఒక్కొక్కటి 0.006 మి.మీ. తెరపై నూరు శాతం పెంచి చూసేవారికి వలయం అంతే ఉండాలంటే అన్ని వెసులుబాట్లూ ఐదో వంతుకు తగ్గుతాయి: ఛాయాప్రియ గారి 187 మి.మీ. 37కు, 0.123 మి.మీ. 0.025కు. పాత లెన్స్‌ల గొట్టంపై చెక్కిన డెప్త్ గీతలు డిజిటల్ వాడేవారికి మోసంగా అనిపించడానికి కారణం ఇదే.

మూసుకుంటూ పోతే సరిపోతుందని కూడా అనుకోకండి. కాంతి వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే కాంతి విచ్చుకుపోవడం) వల్ల ఏర్పడే మచ్చ వ్యాసం ఆకుపచ్చ కాంతికి ఎఫ్/11 దగ్గర 0.015 మి.మీ., ఎఫ్/22 దగ్గర దాదాపు 0.03 మి.మీ. అంటే ఎఫ్/22 దగ్గర ఫోకస్ సరిగ్గా కుదిరిన బిందువు కూడా ఆ వలయమంత ఉంటుంది. సూక్ష్మచూపు గారి ఐదు రెట్ల ఉదాహరణలో లెన్స్‌పై ఎఫ్/4 అని ఉన్నా అసలు పనిచేసేది, ఒకటికి మాగ్నిఫికేషన్ ఐదు కలిపి ఆ ఆరుతో గుణిస్తే, ఎఫ్/24, కాబట్టి అక్కడ అప్పటికే హద్దు తాకినట్టే.

ఇక ఫోన్ కెమెరాల సంగతి. ఏడు మిల్లీమీటర్ల కర్ణం గల సెన్సర్, 4.4 మి.మీ. లెన్స్, ఎఫ్/1.8 అనుకుందాం. వలయం 0.0047 మి.మీ. హైపర్‌ఫోకల్ దూరం 2.3 మీటర్లే, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పుష్కలం. డెప్త్ ఆఫ్ ఫోకస్ మాత్రం 0.017 మి.మీ.; అదే దృశ్యకోణం, అదే ఎఫ్/1.8 గల ఫుల్‌ఫ్రేమ్ లెన్స్‌కు అది 0.108. అంతా స్పష్టంగా తీసే ఫోన్ లోపల లెన్స్‌ను మైక్రాన్ల కచ్చితత్వంతో నిలపవలసి రావడం చాలామందికి నమ్మశక్యంగా ఉండదు.

ఛాయాప్రియ

ఫోన్ ఉదాహరణతో మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు దొరికింది. చివరిగా ఒకటి అడుగుతాను. ఎన్‌లార్జర్‌లో (నెగటివ్‌ను పెంచి కాగితంపై ప్రింటు వేసే పరికరం) నెగటివ్ వస్తువు, కాగితం ప్రతిబింబం కదా, అక్కడ కూడా ఈ లెక్కలే వర్తిస్తాయా? ఈజిల్‌లో (కాగితాన్ని పట్టి ఉంచే చట్రం) అసలు ప్రింట్ కాగితం మందం గల చెత్త కాగితం పెట్టి దానిపైనే ఫోకస్ చేయాలని కొందరు పట్టుబడతారు.

పాతరీలు

అవే లెక్కలు, మాగ్నిఫికేషన్ ఒకటిని దాటిన వైపు నుంచి. ఎనిమిది రెట్లు పెంచుతూ, ఎఫ్/8 దగ్గర, కాగితంపై 0.2 మి.మీ. వలయాన్ని అనుమతిస్తే కాగితం వైపు వెసులుబాటు దాదాపు 29 మి.మీ. వస్తుంది. దాన్ని 64తో భాగిస్తే నెగటివ్ వైపు మిగిలేది 0.45 మి.మీ. మాత్రమే. బల్బు వేడికి నెగటివ్ ఒక్కసారిగా ఉబ్బితే ఆ 0.45లో పెద్ద భాగం అక్కడే ఖర్చయిపోతుంది, అపర్చర్ తెరిచి ఉంటే చాలనే చాలదు. కాబట్టి ఈజిల్‌లో చెత్త కాగితం పెట్టినా పెట్టకపోయినా 29 మి.మీ.లో పావు మిల్లీమీటరు ఎవరి కంటికీ ఆనదు. ఆ శ్రద్ధ నెగటివ్ కారియర్‌పై పెట్టండి: గాజు పలకల మధ్య నొక్కిపట్టే కారియర్ దొరికితే అదే వాడండి, గాజు లేనిదైతే బల్బు వెలిగించి నెగటివ్ వేడెక్కి ఉబ్బడం ఆగేదాకా ఉండి, ఆ తర్వాతే ఫోకస్ చేయండి.